ముందే చెప్పిన సాక్ష్యం

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు ఇప్పటికీ రాదు. ఆదివారం ఆరాధనలో చాప మీద కూర్చున్నా కాలివేళ్ళు కదులుతూనే ఉంటాయి. పక్కన కూర్చునే అక్కలు అలవాటు పడిపోయారు. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం, ఈవిడకి ప్రార్థన మీద మనసు లేదు కాబోలు అనుకుంటారు. మనసు ఉంది. కాళ్ళే మాట వినవు. ఇది నాకు పద్నాలుగు దాటాక పట్టుకుంది. అంతకుముందు నేను కదలకుండా కూర్చునే పిల్లని. మా సంఘంలో తల్లులు తమ పిల్లలకి చూపించి, అలా ఉండాలని చెప్పే పిల్లని.

మాది చోడవరం. నాన్న చోడవరం నుంచి వడ్డాది దాకా షేర్ ఆటో నడిపేవాడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మా సంఘం రేకుల షెడ్డులో కూడేది. కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు, ముందు ఒక మైకు. వాక్యాలు కంఠతా చెప్పే పోటీలో ప్రతి ఏడాదీ బహుమతి నాదే. బహుమతి అంటే స్టీలు ప్లేటు. మా ఇంట్లో అన్నం తినే ప్లేట్లన్నీ నేను గెలిచినవే. అధ్యాయానికి అధ్యాయం ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేదాన్ని. ఏం చెబుతున్నానో ఆగి ఆలోచించే అవసరం రాలేదు. మైకు ముందు నిలబడితే చాలు, నోరు దానంతటదే నడిచేది.

నాకు పద్నాలుగు నిండిన ఏడాది నాన్న కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. ఆటో మానేశాడు. డయాలసిస్ కోసం విశాఖపట్నం తిరగడం మొదలైంది. సంఘం మమ్మల్ని వదిలిపెట్టలేదు. వంతులు వేసుకుని అన్నం తెచ్చారు, ఉపవాసాలు ఉన్నారు, నాన్న మంచం చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ ప్రేమని నేను మరిచిపోలేదు. అందుకే ఇకముందు చెప్పేది ఫిర్యాదుగా చదవవద్దని కోరుతున్నాను.

మా ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. ఎవరైనా లేచి, దేవుడు తమకి చేసిన మేలు చెబుతారు. చెప్పడం అవగానే అందరూ కలిసి ‘స్తోత్రం’ అంటారు. ఇందులోనే ఇంకో పద్ధతి ఉంది. మేలు జరగకముందే, జరిగిపోయిందని సాక్ష్యం చెప్పడం. ఉద్యోగం రాకముందే వచ్చిందని, జబ్బు తగ్గకముందే తగ్గిందని. అది అబద్ధం అనుకోరు, విశ్వాసం అనుకుంటారు. చెప్పింది జరిగినప్పుడు ఆ విశ్వాసం గురించి ఏళ్ళ తరబడి మాట్లాడుకుంటారు. జరగనప్పుడు ఎవరూ ఏమీ మాట్లాడరు.

ఒక శనివారం పాస్టరుగారి భార్య మా ఇంటికి వచ్చింది. ఆవిడని మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. నా తల నిమురుతూ అంది:

“రేపు మీ నాన్న గురించి సాక్ష్యం నువ్వే సెప్పాల తల్లీ. పిల్ల నోట వస్తే ఆ బలమే వేరు.”

“ఇంకా తగ్గలేదు కదండి?”

“తగ్గిపోయిందనే సెప్పాల. కళ్ళతో సూసేక సెప్తే అది విశ్వాసమేటి? సూసింది ఎవరైనా సెప్తారు.”

మరుసటి రోజు మైకు పట్టుకున్నాను. మా నాన్నకి నయమైపోయింది, దేవుడు ఆయన్ని ముట్టాడు, నేను కళ్ళతో చూడకముందే చెబుతున్నాను అన్నాను. రేకులు అదిరేలా స్తోత్రం అన్నారు. నాన్న మగవాళ్ళ వైపు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వి చెయ్యి ఎత్తాడు. నేను మాత్రం ఆయన కాళ్ళకేసి చూస్తున్నాను. వాచిపోయి, చర్మం మెరుస్తోంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుందని నాకు తెలుసు. పొద్దున్నే నొక్కి చూశాను.

వానాకాలంలో నాన్న పోయాడు.

మా వాళ్ళు ఎవరూ ఆ మాట అనలేదు. ప్రభువునందు నిద్రించాడన్నారు, మహిమలోకి వెళ్ళాడన్నారు. మళ్ళీ కలుస్తామన్న ఆ నిరీక్షణ నాకూ ఉంది, ఈ రోజు కూడా ఉంది. కానీ ఆ రోజు ఇంటి నిండా తెల్లబట్టలు, డప్పు, కీర్తనలు. ఏడుపు వస్తే మింగేయమనేవాళ్ళు. అమ్మ మింగేసింది. నేనూ మింగేశాను.

నాయనమ్మ రావికమతం వైపు నుంచి వచ్చింది. నాన్న కన్నతల్లి. ఆవిడ మా విశ్వాసంలోకి రాలేదు. వస్తూనే నాన్న మీద పడిపోయి, చిన్నప్పటి ముద్దుపేర్లతో పిలుస్తూ, రాగం తీసి ఏడ్చింది. సంఘపెద్ద ఒకాయన భుజం పట్టుకుని లేపబోయాడు.

“ఏడవకండమ్మా. మీ అబ్బాయి మహిమలో ఉన్నాడు.”

“మహిమలో ఉంటే నాకేటి బాబూ? నా ఇంట్లో నేకపోయేక.”

“అత్తా, అందరూ సూస్తన్నారు. అల్లరి సెయ్యకు,” అంది అమ్మ.

నాయనమ్మ లేచింది. చీర కొంగు దులుపుకుని వాకిట్లోకి వెళ్ళి నిలబడింది. తర్వాత దినం చెయ్యాలని ఆవిడ అడిగింది. అమ్మ ఒప్పుకోలేదు. అంతే, ఆ రెండు ఇళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

సమాధి దగ్గర నుంచి వస్తుంటే వెనకాల ఎవరో ఇంకొకరితో అన్నారు, “ఎక్కడో అపనమ్మకం అడ్డుపడుంటాది.” నా గురించి అనలేదని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం ఆ మాట తిన్నగా వచ్చి నాలో దిగింది. ఎందుకంటే ఆ మైకు ముందు నిలబడి ఆ కాళ్ళు చూసింది నేనే. నేను నమ్మలేదు. నమ్మకుండా చెప్పాను. లేదంటే దేవుడే మాట తప్పాడు. ఈ రెండింటిలో ఏది నిజమైనా నాకు నిలబడే చోటు లేదు.

అప్పటినుంచి కాళ్ళు నిలవడం మానేశాయి. పదో తరగతి క్లాసులో పాఠం మధ్యలో లేచి బయటికి నడిచేదాన్ని. టీచరు పిలిస్తే వెనక్కి చూసేదాన్ని కాదు. చోడవరం వీధులన్నీ తిరిగేదాన్ని. బస్సుల కాంప్లెక్సు దాకా వెళ్ళి, ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో చూసి, ఎక్కకుండా తిరిగి వచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం నా స్టీలు ప్లేట్లన్నీ పెరట్లోకి విసిరేశాను. అమ్మ ఒక్కొక్కటే ఏరి తెచ్చి, కడిగి, సొట్టపడ్డ ప్లేటులోనే నాకు అన్నం పెట్టింది. ఏమీ అనలేదు. ఆ అనకపోవడం నాకు మరీ కోపం తెప్పించింది.

ఆరాధనలో నోరు తెరవడం మానేశాను. వరుసగా ఒక్కొక్కరు ప్రార్థన చేసేటప్పుడు నా వంతు వస్తే, పక్కనున్న అక్క కాసేపు ఎదురుచూసి తను అందుకునేది. దురాత్మ అన్నారు కొందరు. తల మీద నూనె పోసి, నలుగురు చేతులుంచి గద్దించారు. నూనె చెవిలోకి కారుతుంటే నేను పైన తిరిగే ఫ్యాను చూస్తూ నిలబడ్డాను.

పరీక్షలయ్యాక మా ఈడు పిల్లలకి బాప్తిస్మం అన్నారు. ఏటి దగ్గరికి వెళ్ళేముందు ఒక్కొక్కరూ సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి.

“ఏదో ఒకటి సెప్పి మునిగి లెగు తల్లీ,” అంది అమ్మ, మిషను ఆపకుండానే. “అన్నీ సర్దుకుంటాయి.”

“ఏటి సెప్పమంటావు? ఇంకోటి ముందే సెప్పమంటావా?”

మిషను ఆగింది. అమ్మ నా మొహంలోకి చూసింది. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. స్టాండులో రావికమతం ఆటో నిండడానికి ఒక్క మనిషే తక్కువ. ఎక్కేశాను. ఎక్కడికి వెళ్తున్నానో కూర్చున్నాకే తెలిసింది.

నాయనమ్మకి కొండవాలులో జీడితోట ఉంది. అది పూర్తిగా ఆవిడదీ కాదు, గట్టిగా అడిగితే ఎవరిదో ఎవరూ చెప్పలేరు. చెట్లు మాత్రం తాతయ్య నాటినవి. నన్ను చూసి నాయనమ్మ ఆశ్చర్యపోలేదు.

“సెప్పి వచ్చేవా, సెప్పకుండా వచ్చేవా?”

“సెప్పకుండా.”

“అయితే ముందు అంబలి తాగు. మీ యమ్మతో కింద ఊళ్ళోంచి మాటాడతాను. ఇక్కడ ఫోను పలకదు.”

కిందికి వెళ్ళి ఫోను చేసి వచ్చింది. అమ్మ ఏమందో అడిగితే, “ఏడవనేదు. తిన్నదా అని అడిగింది. తిన్నాదని సెప్పేను,” అంది.

నాయనమ్మ పగలు కింద చెరకు చేలో పనికి వెళ్ళేది. నన్ను తోటలో వదిలేసేది. తాటాకు పాక, చోడి అంబలి కుండ, రెండు ఉల్లిపాయలు, కొట్టడానికి ఒక రేకు డబ్బా. “కోతులొస్తే డబ్బా కొట్టు. మనుషులొస్తే ఎవరో ఏటో అడుగు. పాములొస్తే దాని దారిన దాన్ని పోనీ.” అంతే నాకిచ్చిన ఉపదేశం.

ఏకాంతం అనే మాట మా ప్రసంగాల్లో చాలా తీయగా వినిపిస్తుంది. ప్రవక్తలు అరణ్యాలకి వెళ్ళారని, దేవుడు అక్కడ మాట్లాడాడని చెబుతారు. నాకు మొదట అక్కడ దొరికింది చీమలు. ఎర్రచీమలు ఆకులు కలిపి గూళ్ళు కడతాయి, చెట్టు కిందికి వెళ్తే మెడలో రాలతాయి. ఎండ. గాలి ఆగితే చెవుల్లో నా గొంతే. మైకులో చెప్పిన ఆ సాక్ష్యమే, అక్షరం పోకుండా, మళ్ళీ మళ్ళీ. వినకుండా ఉండాలని నడిచేదాన్ని. ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి, పాక చుట్టూ తిరిగి, బండ దాకా వెళ్ళి, మళ్ళీ మొదటి చెట్టుకి. కొన్నాళ్ళకి అక్కడ గడ్డి చచ్చి దారి పడింది. నాయనమ్మ సాయంత్రం వచ్చి వంగి చూసింది.

“ఏ పసువు తిరిగిందే ఇక్కడ?”

“నానే.”

“ఓలమ్మ! గానుగెద్దు నయమే, దానికి నూనైనా వస్తాది.”

నవ్వు వచ్చింది. వచ్చిందని కోపమూ వచ్చింది.

జీడి పని తేలిక. రాలిన పండు ఏరాలి, పిక్క మెలితిప్పి తీయాలి, బండ మీద ఎండబెట్టాలి. పండు రసం బట్టకి అంటితే మరక పోదు. నాకు మాత్రం రాలేదాకా ఆగడం చేతకాలేదు. ఒక రోజు వెదురు కర్ర తీసుకుని అందిన కొమ్మనల్లా బాదేశాను. చెయ్యి నొప్పెట్టేదాకా బాదాను. సాయంత్రానికి పెద్ద కుప్ప. ఇంత పని చేశానని నాయనమ్మకి చూపించాను. ఆవిడ ఒక పిక్క తీసి రాయితో చితక్కొట్టింది. లోపల తెల్లటి పాలు తప్ప పప్పు లేదు.

“పసిగుడ్డుల్ని కొట్టి దించేసినావు కదే.”

“పైకి బాగానే ఉన్నాయి కదా?”

“పైకి బాగానే ఉంటాయి. ముదరనేదు. ముదిరితే అదే రాలతాది. నీకు సెప్పి రాలతాదేటి?”

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆ కుప్పలో కాస్త పప్పు పట్టిన పిక్కలు ఏరి, జీడి అంటి చేతులు కాలకుండా బూడిద రాసుకుని, ఒలిచి కూర వండింది. కూర రుచిగానే ఉంది. నాన్నకి ఆ కూర ఇష్టమట. చిన్నప్పుడు ఆయన కూడా అలాగే కొమ్మలు బాదేవాడట. చెబుతూ చెబుతూ, మామూలుగా, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు అంది:

“సచ్చిపోయేడు నా కొడుకు.”

నేను తినడం ఆపాను. ఆ మాట అప్పటిదాకా నా చెవిన ఎవరూ వెయ్యలేదు.

“మీ దేవుడి కాడ ఏడవకూడదేటే?” అని అడిగింది.

“ఏడవొచ్చు.”

“మరి ఆ వేళ నన్నెందుకు లేవదీసేరు?”

ఏడవవచ్చని నాకు తెలుసు. లేఖనాల్లో ఎంత ఏడుపు ఉందో మా సంఘంలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఎంతకాలం ఈ మౌనం అని దేవుణ్ణి నిలదీసినవాళ్ళు ఉన్నారు. పడక తడిసేలా ఏడ్చినవాళ్ళు ఉన్నారు. అవన్నీ నేను అప్పజెప్పి ప్లేట్లు గెలుచుకున్నాను. ఊపిరి తీసుకోకుండా చెప్పాను కాబట్టి ఒక్క ఏడుపూ నాకు తగల్లేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం. ఎండ దంచేస్తోంది. కోతులు కూడా ఎక్కడో నీడన పడి ఉన్నాయి. నేను నా దారిలో తిరిగి తిరిగి, తోట దాటి, పైనున్న పెద్ద బండ ఎక్కాను. అక్కడి నుంచి చూస్తే కింద చెరకు, వరి మళ్ళు, రోడ్డు మీద చీమల్లా ఆటోలు. నాన్న ఆటో పసుపు రంగు కాదు, ముందుభాగం నీలం. అలాంటిది కనిపిస్తుందేమోనని వెతికాను. వెతుకుతున్నానని తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది. అలవాటు కొద్దీ నోరు ఒక వాక్యం మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. ఆ ఆగిన చోట నా నోట్లోంచి నాయనమ్మ మాట వచ్చింది.

“సచ్చిపోయేడు.”

ఎవరూ స్తోత్రం అనలేదు. ఎవరూ ఛీ అనలేదు. ఆకాశం ఎప్పటిలాగే ఉంది. మళ్ళీ అన్నాను, గట్టిగా. మూడోసారి అరిచాను. కింద చెట్లలో కోతులు ఉలిక్కిపడి గెంతాయి. ఇక ఆపుకోలేకపోయాను. ఎవరి మీద అరుస్తున్నానో అరుస్తూనే తెలిసింది. “ఆ కాళ్ళు నాను సూసేను. నాను సూసేనని నీకు తెలుసు. తెలిసి ఊరుకున్నావు. నాతో ఎందుకు సెప్పించేరు? నువ్వు సెప్పమన్నావా?” గొంతు పోయేదాకా అడిగాను. బండ కాలుతోంది, నేను లేవలేదు.

పరలోకం నుంచి స్వరమేదీ రాలేదు. కానీ అడిగిన ప్రశ్న నాలో మిగిలిపోయింది. నువ్వు చెప్పమన్నావా? అంతకాలం నేను వేసుకున్న లెక్కలో రెండే దారులు: నేను నమ్మలేదు, లేదా ఆయన మాట తప్పాడు. ఆయన ఆ మాట ఇవ్వనే లేదేమో అన్న మూడో దారి ఉందని ఆ బండ మీద మొదటిసారి తోచింది. అంతేకాదు, నెలల తరబడి నేను చేయలేకపోయిన పనిని ఇంతసేపూ చేస్తున్నానని కూడా తెలిసింది. అది ప్రార్థన. ఇంత మర్యాద లేని ప్రార్థన మా షెడ్డులో ఎప్పుడూ వినలేదు.

నీడలోకి వచ్చి నిద్రపోయాను. నాన్న పోయాక అంత గాఢంగా నిద్రపట్టడం అదే మొదటిసారి. “లేవే గుంటా, చీమలు పాకేస్తన్నాయి,” అని నాయనమ్మ లేపింది. నా మొహం చూసి, కొంగుతో తుడిచింది. కాళ్ళు కుదుటపడ్డాయా అంటే, లేదు. మర్నాడు కూడా ఆ దారిలో తిరిగాను. కానీ చెవుల్లో మైకు ఆగిపోయింది.

ఆ నెలాఖరు ఆదివారం బాప్తిస్మాలు. నాయనమ్మతో చెప్పి చోడవరం వచ్చాను. అమ్మ నన్ను చూసి తలుపు పూర్తిగా తెరిచింది. షెడ్డులో నా వంతు వచ్చింది. మైకు తీసుకున్నాను.

“పోయిన ఏడు ఇక్కడే నిలబడి మా నాన్నకి నయమైపోయిందని చెప్పాను. నయమవ్వలేదు. మా నాన్న చచ్చిపోయాడు. దేవుడు నాకు ఆ మాట చెప్పలేదు. ఆయన చెప్పని మాట ఆయన పేరున చెప్పాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన మీద నాకు కోపంగా ఉంది. కోపంగా ఉన్నా ఆయనతోనే మాట్లాడుతున్నాను. నా సాక్ష్యం ఇంతే.”

అమ్మగారు తల దించుకుంది. అప్పుడు ముందు వరసలో చెవులు వినబడని తాత ఒకాయన, నేను మైకు దించడం చూసి, ఎప్పటిలాగే చెయ్యెత్తి “స్తోత్రం!” అని గట్టిగా అరిచాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే వెనకనుంచి ఒక ఏడుపు వినిపించింది. రాగం తీసిన ఏడుపు. నాయనమ్మ వచ్చిందేమో అనుకుని తిరిగి చూశాను. అమ్మ. “సిస్టర్, ఊరుకోండి, ఊరుకోండి,” అంటున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. అమ్మ ఊరుకోలేదు.

పాస్టరుగారు ఆ రోజు నాకు బాప్తిస్మం ఇవ్వలేదు. ఇంకా సమయం కావాలి తల్లీ అన్నారు. ఆ మాట సరైనదే. తర్వాత కొన్నేళ్ళకి అదే ఏటిలో, అదే పాస్టరుగారి చేతుల మీదుగా తీసుకున్నాను. ఇప్పుడు ఆదివారం బడిలో పిల్లలకి వాక్యాలు నేర్పేది నేనే. కన్నీళ్ళున్న అధ్యాయాల దగ్గర మెల్లగా చదవమంటాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ ఇంటికి నడవలేదు. స్టాండు వైపు తిరిగింది.

“ఎక్కడికే అమ్మా?”

“మీ నాయనమ్మ కాడికి. ఆటో ఎక్కడాగుతాదో నీకే తెలుసు, నడు.”

కొండవాలు ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. నాయనమ్మ పిక్కలు ఒలుస్తూ తలెత్తి చూసింది.

“ఏటి, దారి తప్పేవా?”

“తప్పేను అత్తా,” అంది అమ్మ.

నాయనమ్మ గోనెసంచి కొంచెం జరిపింది.

“అయితే కూకో. సెట్టు మీదవి ముట్టకు, రాలినవే తియ్యి. మీ గుంట సెప్పనేదేటి?”

అమ్మ ఆదివారం చీరతోనే కూర్చుంది. రసం అంటితే పోదని తెలిసీ కొంగు ఎత్తుకోలేదు. ఇద్దరూ కాళ్ళు చాపుకుని పిక్కలు తీస్తూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా, మొదట అమ్మ, తర్వాత నాయనమ్మ, మెల్లగా ఏడవడం మొదలుపెట్టారు. నేను వాళ్ళ పక్కన కూర్చున్నాను. కాసేపే. తర్వాత లేచి, నా దారిలో పడి, చెట్ల చుట్టూ నడిచాను. వాళ్ళ ఏడుపు వినిపించేంత దూరంలోనే.